సోపతికి చట్టంలో చోటేది?

ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ పెండ్లి చేసుకోవాలంటే ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటుండాలి. నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును అందరికీ కనబడేలా ఆఫీసులో అంటిస్తారు. 30 రోజుల్లో ఆక్షేపణలేవీ రాకపోతే, ముగ్గురు సాక్షులను వెంటబెట్టుకుని వెళ్లి, వివాహ అధికారి ముందు ఒకరినొకరు స్వీకరిస్తున్నామని చెప్పాలి. ఇద్దరిదీ ఒకే కులమై ఉండాలని లేదు, ఒకే మతమై ఉండాలని లేదు. పంతులుతో పని లేదు, ముహూర్తంతో పని లేదు. మన దేశంలో పెద్దలు ఒప్పుకోని జంటలకు 1954 నుంచి ఇదే దిక్కు. అయితే ఈ చట్టం మూడో షెడ్యూలులో రెండు ప్రకటన పత్రాలు ఉన్నాయి. ఒకటి వరుడు సంతకం చేసేది, రెండోది వధువు సంతకం చేసేది. ఇద్దరు మగవాళ్లు వస్తే రెండో పత్రం మీద సంతకం చేసేవాళ్లు ఉండరు. ఇద్దరు ఆడవాళ్లు వస్తే మొదటిది ఖాళీగా ఉండిపోతుంది. స్వలింగ వివాహ హక్కు కోసం ఢిల్లీలో, హైదరాబాద్‌లో జరిగిన వాదనంతా చివరికి ఆ ఖాళీ గురించే.

నిజామాబాద్‌లో గానీ బోధన్‌లో గానీ ఈ విషయం ఎత్తితే ముందు వినబడే మాట ఒకటుంది: "ఇవన్నీ పట్నం ముచ్చట్లు." ఆ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, వాళ్ల కంటికి అట్లాంటివాళ్లు కనబడలేదు, అంతే. కేంద్ర ప్రభుత్వం కూడా 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టుకు దాదాపు ఇదే చెప్పింది. ఈ పిటిషన్లు నగరాల్లోని ఉన్నత వర్గాల అభిప్రాయాలేనని రాసింది. ఆ వాదనను అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ తన తీర్పులో ఒప్పుకోలేదు. ఇంగ్లిష్ మాట్లాడే ఉద్యోగి ఎంత స్వలింగ ప్రేమికుడు కాగలడో, పల్లెలో వ్యవసాయ పని చేసుకునే ఆడమనిషి కూడా అంతే కాగలదని రాశారు. మంజీర నీళ్లతో, నిజాంసాగర్ కాలువతో చెరుకు పండించిన బోధన్, వర్ని, కోటగిరి, రుద్రూరు పల్లెల్లో ఆ వాక్యాన్ని చదువుకుంటే వేరే అర్థం చెప్పుకోనక్కర్లేదు. చెరుకు కొట్టే చేతులవీ, నాట్లు వేసే చేతులవీ, బీడీలు చుట్టే చేతులవీ ప్రేమలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

మన దగ్గర అట్లాంటివాళ్లు లేరా? ఉన్నారు, వాళ్లకు మనం పెట్టిన పేర్లే వేరు. పెండ్లి చేసుకోకుండా కలిసి ఉండే ఇద్దరు ఆడవాళ్లను ఊరు "సోపతి" అంటుంది, "అక్కాచెల్లెళ్ల లెక్క" అంటుంది. ఊరు ఆ మాటతో వాళ్లను కాపాడుతుంది, ఆ మాటతోనే వాళ్ల బంధాన్ని కనబడకుండా కూడా చేస్తుంది. మల్లన్న జాతరలో, బోనాల్లో చీర కట్టి, ముఖానికి పసుపు పూసుకుని ఊగే శివసత్తుల్లో మగపుట్టుక పుట్టినవాళ్లూ ఉంటారు. వాళ్ల ముందు మొక్కుతాం, వాళ్ల నోటి మాటను దేవర మాటగా వింటాం. మరునాడు అదే మనిషి అద్దె ఇల్లు అడిగితే తలుపు వేసేవాళ్లున్నారు. మన పత్రికలు ఏళ్లపాటు వాడుతూ వచ్చిన "స్వలింగ సంపర్కులు" అనే మాట కూడా నాకు తప్పుగానే తోస్తుంది. ఆలుమగల గురించి రాసేటప్పుడు ఏ విలేకరీ వాళ్లను "భిన్నలింగ సంపర్కులు" అని రాయడు. ఒక బంధాన్ని పడకగదికి కుదించే మాట అది. ఈ వ్యాసంలో ఆ మాట వాడను.

పెండ్లి అంటే పుస్తెలతాడు, తలంబ్రాలు, బారాత్ అనుకుంటే ఈ గొడవలో సగం అర్థం కాదు. తెలంగాణలో పెండ్లి సర్కారు కాగితాల్లో ఎంత లోతుగా పాతుకుని ఉందో ఒక్కసారి చూడండి. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాల కింద పెండ్లికి 1,00,116 రూపాయలు ఇస్తారు. 2014లో 51,000తో మొదలైన పథకం అది. ఇంట్లో మనిషి చనిపోతే మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టాలి. బాకీ జీతం, బీమా, పింఛన్, గల్ఫ్ నుంచి రావలసిన పరిహారం, ఏదైనా ఆ కాగితం తర్వాతే. ఆ కాగితంలో భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు ఉంటారు. ఇరవై ఏళ్లు ఒకే పొయ్యి మీద వండుకుని తిన్న మనిషికి అందులో చోటు లేదు.

మన జిల్లా ఆడవాళ్లలో ఎందరికో తెలిసిన పీఎఫ్ సంగతే తీసుకుందాం. పీఎఫ్ పథకం నిబంధన ప్రకారం, కుటుంబం ఉన్న కార్మికురాలు ఆ కుటుంబంలోని వాళ్లనే నామినీగా రాయాలి. బయటి మనిషి పేరు రాస్తే ఆ నామినేషన్ చెల్లదు. కుటుంబం అంటే భర్త, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు, ఇంకా చట్టం చెప్పిన కొందరు. పెండ్లి కాని బీడీ కార్మికురాలి మీద ముసలి తల్లి ఆధారపడి ఉందనుకుందాం. తన సోపతి పేరు రాస్తే ఆ రాత పనికిరాదు. ఏ దిక్కూ లేనివాళ్లకు మాత్రమే ఇష్టమైన మనిషి పేరు రాసుకునే వీలుంది. అనాథ అయితే తప్ప ప్రేమించిన మనిషికి హక్కు రాదన్నమాట. శక్కర్‌నగర్ క్వార్టర్లలో బతుకంతా గడిపి, 2015 డిసెంబరులో నిజాం షుగర్స్ మూతపడ్డాక బకాయిల కోసం తిరిగిన కార్మికులను అడగండి, నామినీ గడిలో ఉన్న ఒక్క పేరు ఎంత బరువో చెబుతారు.

భూమి సంగతి ఇంకా కఠినం. వీలునామా రాయకుండా పెండ్లికాని హిందూ స్త్రీ చనిపోతే, ఆమె ఎకరం పొలం తల్లిదండ్రులకు పోతుంది, వాళ్లు లేకపోతే తండ్రి వారసులకు, ఆ తర్వాత తల్లి వారసులకు. ముఖం చూసి పదేళ్లయిన దాయాది కూడా వరుసలో నిలబడవచ్చు. నాటు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, రాత్రి మోటారు పెట్టడానికి పోయేటప్పుడు పక్కనున్న మనిషి మాత్రం ఆ వరుసలోనే లేదు. ఆసుపత్రిలో ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టబోతే అడిగే మొదటి ప్రశ్న "మీరు పేషెంట్‌కు ఏమవుతారు?" అని. మన భాషలో ఈ "ఏమవుతారు" చాలా పెద్ద మాట. మేనత్త, మేనమామ, వదిన, మరదలు, బావ, షడ్డకుడు, వియ్యపురాలు... ఇంతమంది చుట్టాలకు పేరు పెట్టుకున్న భాషలో ఆ ఇద్దరికి మాత్రం జవాబు లేదు.

ఈ పోరాటం తెలంగాణలో ఎక్కడ మొదలైందంటే పెండ్లి దగ్గర కాదు, పోలీసు రిజిస్టర్ దగ్గర. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, హిజ్రాల మీద ఒక చట్టం తెచ్చారు. హైదరాబాద్ నగరంలోనూ, సర్కారు ప్రకటించిన ఇతర చోట్లా ఉండే హిజ్రాల పేర్లు, నివాసాలు పోలీసులు రిజిస్టర్‌లో రాసుకోవాలి. ఆడ బట్టల్లో, నగలతో వీధిలో కనబడితే వారెంట్ లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అట్లాగే ఉండిపోయింది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మోగ్లి 2018లో హైకోర్టుకు వెళ్లారు. 2023 జులై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛన్ వర్తింపజేయాలని కూడా ఆదేశించారు. వందేళ్లు దాటిన అవమానం ఒక్క పిటిషన్‌తో పోయింది. ఆ పిటిషన్ వేసిన ధైర్యం మన తెలంగాణది అని చెప్పుకోవడంలో నాకు సంకోచం లేదు.

దేశం మొత్తం మీద దారి తెలిసిందే. ఢిల్లీ హైకోర్టు 2009లో స్వలింగ బంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ కోరలు తీసింది. సుప్రీంకోర్టు 2013 డిసెంబరు 11న వాటిని మళ్లీ అతికించింది. 2014 ఏప్రిల్‌లో నల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడో జెండర్‌గా గుర్తించింది. 2017లో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కయింది. 2018 సెప్టెంబరు 6న, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల ప్రేమ నేరం కాదని ఐదుగురు న్యాయమూర్తులు తేల్చారు. హైదరాబాద్‌లో 2013 నుంచి ప్రైడ్ ఊరేగింపులు జరుగుతున్నాయి. నేరం కానప్పుడు బంధం ఎందుకు కాదు అనే ప్రశ్న ఆ తర్వాత రాక తప్పదు.

ఆ ప్రశ్నను సుప్రీంకోర్టు ముందు పెట్టిన ప్రధాన పిటిషనర్లు హైదరాబాద్‌లో ఉంటున్న జంటే. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో బంధుమిత్రుల మధ్య పెండ్లి వేడుక చేసుకున్నారు. ఒకరిది బెంగాలీ కుటుంబం, ఒకరిది పంజాబీ కుటుంబం. వేడుకకు అడ్డు లేదు, దానికి విలువే లేదు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు వాళ్ల పిటిషన్ మీద నోటీసులిచ్చింది. మరెన్నో పిటిషన్లు వచ్చి చేరాయి. 2023 ఏప్రిల్ 18 నుంచి మే 11 దాకా పది రోజులు రాజ్యాంగ ధర్మాసనం విన్నది. చంద్రచూడ్‌తో పాటు జస్టిస్ ఎస్.కె. కౌల్, జస్టిస్ ఎస్. రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ పి.ఎస్. నరసింహ ఉన్నారు. హిమా కోహ్లీ తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి. నరసింహ హైదరాబాద్‌లో పుట్టిన మనవారు.

విచారణ మధ్యలో కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగింది. ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయని మే 10న కోర్టుకు చెప్పారు. ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్, అస్సాం వ్యతిరేకించాయి. మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, మణిపూర్, సిక్కిం గడువు అడిగాయి. ఆ ఏడింటిలో తెలంగాణ పేరు లేదు. పిటిషన్ పుట్టింది మన రాజధానిలో, అయినా మన సర్కారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. హైదరాబాద్ నుంచి గట్టిగా మాట్లాడినవాళ్లు మత సంస్థలవాళ్లు. తెలంగాణ మర్కజీ షియా ఉలేమా కౌన్సిల్ ఇది పాశ్చాత్య భావన అంటూ కేసులో చేరి వ్యతిరేకించింది. వాళ్లు తమ విశ్వాసాన్ని దాచుకోకుండా చెప్పారు, అది వాళ్ల హక్కు. ప్రజలు ఎన్నుకున్న సర్కారు మాత్రం నోరు విప్పకపోవడాన్ని నేను తప్పుబడతాను.

తీర్పు 2023 అక్టోబరు 17న వచ్చింది. పెండ్లి చేసుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని ఐదుగురూ అన్నారు. ప్రత్యేక వివాహ చట్టంలో కొత్త మాటలు చేర్చి చదవడం కోర్టు పని కాదని కూడా అన్నారు. చీలిక ఆ తర్వాతి మెట్టు దగ్గర వచ్చింది. పెండ్లి అనే పేరు లేకపోయినా ఆ బంధాన్ని గుర్తించాలని, కలిసి బిడ్డను దత్తత తీసుకోనివ్వాలని చంద్రచూడ్, కౌల్ రాశారు. మిగిలిన ముగ్గురూ చట్టం లేకుండా అది కుదరదన్నారు. 3-2తో ఆ మెట్టూ పోయింది. దక్కిందల్లా రెండు. మగవాడిని పెండ్లాడే ట్రాన్స్ మహిళకు, అట్లాగే ఆడమనిషిని పెండ్లాడే ట్రాన్స్ పురుషుడికి ఇప్పుడున్న చట్టాల కిందే పెండ్లి హక్కు ఉందని కోర్టు స్పష్టం చేసింది. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2019లోనే ఈ దారి వేసింది. రెండోది, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా లాంటి ఇబ్బందులు చూడటానికి కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ. పునస్సమీక్ష పిటిషన్లను 2025 జనవరి 9న కొట్టేశారు.

తీర్పు తప్పని నేననుకుంటాను, అయితే మెజారిటీ వాదనలో బలం లేదని అనలేను. ప్రత్యేక వివాహ చట్టం ఒంటరిగా నిలబడిన చట్టం కాదు. విడాకుల్లో భార్యకు ప్రత్యేకంగా ఇచ్చిన కారణాలున్నాయి, భరణం భార్యకే రాసిన సెక్షన్లున్నాయి, వయసు మగవాడికి 21, ఆడమనిషికి 18 అని ఉంది, వెనక వారసత్వ చట్టాలు అల్లుకుని ఉన్నాయి. ఒక మాట మారిస్తే పది చోట్ల కుట్లు వేయాలి. ఆ కుట్లు వేయడం శాసనసభల పని అన్నారు. సరే. అప్పుడు ఆ పనిని ఏ శాసనసభ దగ్గరికి తీసుకుపోవాలి? ఈ చర్చలో మన పత్రికలు దాదాపు పట్టించుకోని సంగతి ఇక్కడుంది.

పెండ్లి, విడాకులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని ఉమ్మడి జాబితాలో, 5వ అంశంగా ఉన్నాయి. అంటే పార్లమెంటుకే కాదు, రాష్ట్ర శాసనసభకూ వాటి మీద చట్టం చేసే అధికారం ఉంది. కేంద్ర చట్టంతో తేడా వస్తే 254(2) అధికరణ కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఈ దారి ఉందని చంద్రచూడ్ తన తీర్పులో రాశారు. లోక్‌సభలో సుప్రియా సూలే 2022 ఏప్రిల్‌లో స్వలింగ వివాహాలను అనుమతించే ప్రైవేటు బిల్లు పెట్టారు, అది ముందుకు కదల్లేదు. ఢిల్లీలో కదలనిది హైదరాబాద్‌లో కదులుతుందా అని అడగవచ్చు. కదిలిన చరిత్ర తెలుగు శాసనసభకు ఉంది.

ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురిని కొడుకుతో సమాన భాగస్వామిని చేసింది. 1986 నాటి ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. కేంద్ర చట్టాన్ని ఒక రాష్ట్రం మార్చింది, రాష్ట్రపతి ఆమోదించారు. పార్లమెంటు అదే పని దేశమంతటికీ చేయడానికి 2005 సెప్టెంబరు దాకా పట్టింది. ఇరవై ఏళ్లు మనం ముందున్నాం. తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టానికి 7ఎ సెక్షన్ చేర్చి, పురోహితుడూ సప్తపదీ లేకుండా దండలు మార్చుకున్న ఆత్మగౌరవ వివాహాలను చట్టబద్ధం చేసింది. అప్పుడూ మతం మునిగిపోతుందన్నారు, కూతురికి వాటా ఇస్తే అన్నదమ్ముల బంధం తెగుతుందన్నారు.

అంతకంటే దగ్గరి ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. "ఎవరు పెండ్లికి తగినవారు" అనే ప్రశ్న నిజామాబాద్‌కు కొత్తది కాదు. దేవర పేరు మీద చిన్నపిల్లలను జోగినులుగా వదిలిన ఊళ్లు ఇక్కడ ఎన్నో. జోగినికి పెండ్లి లేదు, ఊరందరి కళ్లూ ఆమె మీదే. దళిత కుటుంబాల ఆడపిల్లల మీద ఆచారం పేరుతో వేసిన శిక్ష అది. గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం, ఆమె సంస్థ సంస్కార్ ఆ స్త్రీల మధ్య పనిచేశారు. వర్నిలో చెల్లి నిలయం వెలిసింది. జోగినిని "చెల్లి" అని పిలవడంతో మొదలైన పని అది. 1988లో శాసనసభ ఆ ఆచారాన్ని నిషేధించింది. అంతకు ముందే, 1947 మద్రాసు చట్టం దేవదాసిగా అంకితమైన స్త్రీ పెండ్లికి అనర్హురాలు కాదని ప్రకటించింది. అంటే పెండ్లికి ఎవరు అర్హులో ఆచారమొక్కటే నిర్ణయించదని, చట్టం కూడా నిర్ణయించవచ్చని ఒప్పుకున్నాం. రెండు బాధలూ ఒకటేనని నేను చెప్పడం లేదు, జోగిని అనుభవించింది వేరు. ఊరు కాదన్నా సర్కారు అవునన్న సందర్భాన్ని ఈ జిల్లా చూసింది, అదే నేను గుర్తుచేస్తున్నది.

చట్టం వచ్చినంత మాత్రాన సమాజం మారుతుందా అంటే, వెంటనే మారదు. వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. పాతికేళ్లు పట్టింది, అదీ ఒక మనిషి వెలిని భరించి నిలబడితే. ఆ పాతికేళ్లూ చట్టం మాత్రం ఎదురుచూస్తూ ఉంది.

ఉద్యమం లోపలి నుంచే ఒక విమర్శ ఉంది, దాన్ని దాటిపోలేం. హిజ్రాలు, ట్రాన్స్ మహిళలు ఎందరో అడుగుతున్నారు: మాకు ఇల్లు అద్దెకివ్వరు, ఉద్యోగమివ్వరు, కన్నవాళ్లే కొట్టి వెళ్లగొడతారు, ఇప్పుడు పెండ్లి ముందా? పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ 2023 ఏప్రిల్‌లో వెలువరించిన నివేదిక కూడా కన్న ఇంట్లోని హింసనే ముందుకు తెచ్చింది. ఇద్దరమ్మాయిలు ఇల్లు వదిలితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. మిస్సింగ్ కేసు పెడతారు, పోలీసులు పట్టుకొస్తారు, నెల తిరక్కుండా పెండ్లిచూపులు. ఆ తర్వాత పత్రికలో లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తే అది ఎట్లాంటి వార్తో కూడా మనకు తెలుసు. వాళ్లు అడిగేది న్యాయమే. కాకపోతే పెండ్లి హక్కుకూ ఆ హింసకూ సంబంధం లేదని నేననుకోను. తల్లిదండ్రులు "మా బిడ్డ" అని స్టేషన్‌కు వస్తారు, ఎదుటి మనిషికి "నా భార్య" అనే మాట లేదు. పోలీసు ఎవరి మాట వింటాడు?

ఈ విషయంలో కోర్టులు కొంత మేలు చేశాయి. 2024 మార్చి 11న సుప్రీంకోర్టు హెబియస్ కార్పస్ కేసులకు మార్గదర్శకాలిచ్చింది. నిర్బంధంలో ఉన్న మనిషి ఇష్టాన్ని విడిగా, భయం లేకుండా అడగాలని, కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే పని చేయవద్దని చెప్పింది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తండ్రి నిర్బంధంలో ఉన్న యువతి మేజర్ అని, తన భాగస్వామితో విజయవాడలో బతికే హక్కు ఆమెకుందని తేల్చింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు, కుటుంబం ఏర్పడటానికి పెండ్లి ఒక్కటే దారి కాదని, ఎంచుకున్న కుటుంబం కూడా కుటుంబమేనని చెప్పింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ట్రాన్స్ మహిళ కూడా మహిళేనని, అత్తింటి వేధింపులపై 498ఎ కింద ఫిర్యాదు చేయవచ్చని తీర్పునిచ్చింది.

కేబినెట్ కార్యదర్శి కమిటీ వల్ల వచ్చినవి చిన్నవే, అయినా వాడుకోదగినవి. 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ, ఇలాంటి జంటలు జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని చెప్పింది. కలిసి ఉండే భాగస్వాములను రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడాలని ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది. చనిపోయినవారి దగ్గరి బంధువులు లేనప్పుడు భాగస్వామి శవాన్ని అడిగి తీసుకోవచ్చని ఆరోగ్య శాఖ లేఖ రాసింది. బంధువులు లేనప్పుడట! పెండ్లి చేసుకున్న భార్యను ఎవరూ ఆ షరతుతో శవాగారం దగ్గర నిలబెట్టరు. నామినీ విషయంలోనూ ఇంకో మెలిక ఉంది. నామినీ అంటే డబ్బు చేతికందుకునే మనిషే తప్ప వారసుడు కాడని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో షేర్ల కేసులో మళ్లీ చెప్పింది. అసలు వారసులు వచ్చి అడిగితే ఆ డబ్బు వాళ్లది.

ఇట్లా ముక్కలు ముక్కలుగా హక్కులిస్తే చాలదా, పెండ్లి అనే పేరే ఎందుకు అనేవాళ్లకు మన తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడిన న్యూజెర్సీ అనుభవం చెబుతాను. అక్కడి సుప్రీంకోర్టు 2006 అక్టోబరులో స్వలింగ జంటలకు సమాన హక్కులివ్వాలంది, పేరు ఏం పెట్టాలో శాసనసభకు వదిలింది. శాసనసభ 2006 డిసెంబరులో సివిల్ యూనియన్ అనే వేరే పేరు పెట్టింది. హక్కులన్నీ ఇచ్చామన్నారు. 2008 డిసెంబరులో ఆ రాష్ట్రం వేసిన కమిషనే ఆ ఏర్పాటు సమానత్వం ఇవ్వలేకపోయిందని తేల్చింది. ఆసుపత్రుల్లో, ఉద్యోగాల్లో జనానికి ఆ పేరే అర్థం కాలేదు. 2012లో శాసనసభ పెండ్లి బిల్లు చేస్తే గవర్నర్ వీటో చేశారు. చివరికి 2013 అక్టోబరు 21 నుంచి పెండ్లిళ్లు మొదలయ్యాయి. అమెరికా దేశమంతటా రావడానికి 2015 జూన్ దాకా ఆగాలి. రాష్ట్రాలు ముందు నడిచి దేశాన్ని నడిపించాయి. ఇక్కడ ఆసియాలోనూ తైవాన్ 2019లో, థాయిలాండ్ 2025 జనవరిలో చట్టంతో పెండ్లి హక్కు ఇచ్చాయి. నేపాల్‌లో సుప్రీంకోర్టు ఉత్తర్వు తర్వాత 2023 నవంబరులో మొదటి పెండ్లి ఒక పల్లె పాలికలో రిజిస్టర్ అయింది. పట్నం ముచ్చట అన్నవాళ్లు ఈ చివరి సంగతి గమనించాలి.

మతం సంగతి సూటిగానే మాట్లాడుకుందాం. గుడిలో, మసీదులో, చర్చిలో ఈ పెండ్లి జరిపించాలని ఎవరూ అడగలేదు. సుప్రీంకోర్టు కూడా మత వివాహ చట్టాల జోలికి పోకుండా ప్రత్యేక వివాహ చట్టం దాకానే విన్నది. ఆ చట్టం కింద జరిగే పెండ్లికి ఏ మతం అనుమతీ అక్కర్లేదు. కందకుర్తిలో గోదావరి, మంజీర, హరిద్ర కలుస్తాయంటారు. హరిద్ర అంటే పసుపు. పసుపు యార్డు ఉన్న నిజామాబాద్‌లో మనం పెండ్లిని పసుపు రంగులోనే చూస్తాం, మంచిదే. ఎవరి పసుపూ తగ్గకుండా ఇంకో ఇద్దరికి రిజిస్టర్‌లో చోటివ్వడం సాధ్యం.

తెలంగాణ శాసనసభ చేయగలిగింది చెప్పాను. అది ఈ ఏడు జరుగుతుందని నేననుకోను. నిజామాబాద్ జిల్లా ఎమ్మెల్యేల్లో ఒక్కరైనా సభలో ఈ ప్రశ్న వేస్తే అదే పెద్ద అడుగు. ఆ లోపు కలిసి బతుకుతున్నవాళ్లు చేసుకోవలసిన పనులు కొన్నున్నాయి, తెలియక ఎందరో నష్టపోతున్నారు. జాయింట్ ఖాతా తెరవండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కింద, మానసిక చికిత్స విషయంలో మీ తరఫున మాట్లాడే ప్రతినిధిగా చుట్టం కాని మనిషినీ రాసుకోవచ్చు. ఇక కోలుకోలేని స్థితి వస్తే వైద్యం ఎట్లా ఉండాలో, ఎవరు నిర్ణయించాలో ముందే రాసిపెట్టే పత్రాన్ని సుప్రీంకోర్టు 2023 జనవరిలో సులభం చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. పవర్ ఆఫ్ అటార్నీ మీద ఆశ పెట్టుకోకండి, రాసిచ్చిన మనిషి ప్రాణంతోనే అదీ పోతుంది.

అన్నిటికంటే ముందు వీలునామా రాయండి. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తే తర్వాత దాయాదులు కాదనడం కష్టం. స్వార్జితమైన పొలం, ఇల్లు, బ్యాంకులో డబ్బు ఎవరికి చెందాలో మీ ఇష్టం. చట్టం అడిగేది ఇద్దరు సాక్షుల సంతకాలు. ఆస్తి పొందే మనిషి సాక్షి సంతకం పెట్టకూడదు, కాబట్టి బయటివాళ్లు కావాలి. ఎవరిని అడగాలో తెలియక, అడిగితే ఊరంతా తెలుస్తుందని భయపడి, ఆ కాగితం రాసుకోనివాళ్లు ఈ జిల్లాలో ఉన్నారు. ఇది చదువుతున్న మీకు అట్లాంటి ఇద్దరు తెలిసే ఉంటారు. వాళ్లు అడిగేదాకా ఆగకుండా, సాక్షి సంతకం నేను పెడతానని మీరే చెప్పండి.